గల్లా దగ్గర చెప్పే మాటే వెబ్‌సైట్‌లో రాయండి: వరంగల్ చిన్న వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

కొత్తవాడలో జంపఖానాలు అమ్మే దుకాణంలో ఒక అరగంట కూర్చోండి. లోపలికి వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారో వినండి. "అన్నా, ఉతికితే రంగు పోతదా?" "నాలుగు బై ఆరు సైజున్నదా?" "ఫంక్షన్‌కు యాభై కావాలె, రేటెంత చేస్తరు?" "హైదరాబాద్‌కు పార్సిల్ పంపుతరా?" దుకాణదారు తడుముకోకుండా ఒక్కోదానికీ జవాబు చెబుతాడు. ముప్పై ఏళ్ల అనుభవం ఆ జవాబుల్లో ఉంటుంది. అదే దుకాణం వెబ్‌సైట్ తెరిస్తే పైన కనిపించేది "నాణ్యతే మా నినాదం, మీ సంతృప్తే మా ధ్యేయం". ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అక్కడ జవాబు దొరకదు.

నేను హనుమకొండలో ఉంటూ చిన్న దుకాణాలకు, వర్క్‌షాపులకు, క్లినిక్‌లకు వెబ్‌సైట్ రాతపని చేస్తాను. మొదట్లో నేనూ ఆ నినాదం లాంటి వాక్యాలే రాశాను. అవి ఎవరికీ పనికి రాలేదు. సైట్ చూసి ఫోన్ చేసినవాళ్లు కూడా మళ్లీ అవే ప్రశ్నలు అడిగేవాళ్లు. అప్పటి నుంచి నేను పట్టుకున్న దారి ఒకటే: గల్లా దగ్గర జరిగే సంభాషణే వెబ్‌సైట్‌కు అసలు సరుకు. దాన్ని కాగితం మీదికి ఎలా తేవాలో, అక్కడి నుంచి పేజీలుగా ఎలా మార్చాలో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: పది రోజుల నోటుబుక్కు

వెబ్‌సైట్ చేసేవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ పని మొదలుపెట్టండి. గల్లా పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, పది రోజుల పాటు గిరాకీలు అడిగిన ప్రతి ప్రశ్నను వాళ్ల మాటల్లోనే రాయండి. మీ మాటల్లోకి మార్చకండి. "వర్ణ స్థిరత్వం గురించి విచారించారు" అని రాసుకుంటే ఆ నోటు వృథా. "రంగు పోతదా" అని రాసుకుంటే, రేపు ఇంకొకరు ఫోన్‌లో వెతికేది కూడా ఆ మాటతోనే.

ఫోన్‌లో అడిగినవీ రాయండి. వాట్సాప్‌లో వచ్చినవైతే మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. చాట్లలో "రేటు", "లొకేషన్", "డెలివరీ", "ఎంత" అని వెతికితే నెలల తరబడి పేరుకున్న ప్రశ్నలు బయటికి వస్తాయి. ఒకే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన గీత పెట్టుకోండి. ఎక్కువ గీతలు పడ్డ ప్రశ్న వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి.

ఇంకొక్కటి. కొనకుండా వెళ్లిపోయినవాళ్లు ఎక్కడ ఆగారో కూడా రాసుకోండి. రేటు విన్నాకా? రంగుల మీద అనుమానం వచ్చాకా? ఇంట్లో అడిగి వస్తామన్నారా? ఇది రాసుకోవడానికి మనసు ఒప్పుకోదు, నాకు తెలుసు. కానీ ఆ అనుమానానికి ముందే జవాబు రాసిపెట్టగలిగిన చోటు వెబ్‌సైటే.

రెండో అడుగు: ప్రశ్నలను పేజీలుగా విడదీయడం

చిన్న వ్యాపారానికి ఐదు పేజీలు చాలు. మొదటి పేజీ, సరుకు లేదా సేవల పేజీ, రేట్లు-డెలివరీ, మా గురించి, ఎలా రావాలి. నోటుబుక్కులోని ప్రతి ప్రశ్న ఈ ఐదింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తుంది. ఒక పేజీ కింద ఒక్క ప్రశ్న కూడా పడకపోతే ఆ పేజీ తీసేయండి. గ్యాలరీ, బ్లాగు, మా విజన్ వంటివి తర్వాత చూసుకోవచ్చు.

మూడో అడుగు: ఏ భాషలో రాయాలి

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. మీ గిరాకీ ఎవరో చూసుకోండి. నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి వచ్చే కుటుంబాలైతే తెలుగు తప్పనిసరి. జంపఖానాలు, పెంబర్తి ఇత్తడి వస్తువుల వంటివి బయటి రాష్ట్రాలవాళ్లు కూడా కొంటారు కాబట్టి ఇంగ్లీషు కూడా కావాలి. రెండూ అవసరమైతే వేరువేరు పేజీలుగా పెట్టండి. ఒకే పేజీలో ఒక పేరా తెలుగు, ఒక పేరా ఇంగ్లీషు పెడితే ఎవరికీ చదవాలనిపించదు.

ఇంగ్లీషు పేజీ రాసి, బటన్ నొక్కి తెలుగులోకి మార్చుకోకండి. ‘హోమ్’ బటన్ ‘ఇల్లు’ అయిపోయిన సైట్లు నేను చూశాను. తెలుగు పేజీని తెలుగులోనే ఆలోచించి రాయాలి. దానికి తేలిక దారి ఉంది. ఒక గిరాకీకి మీరు సరుకు చూపిస్తున్నట్టు మాట్లాడుతూ ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత విని రాయండి. అక్కర్లేని మాటలు తీసేయండి. మిగిలేదే మీ పేజీ.

మరి మన యాస? నా అభిప్రాయం ఇది: ప్రశ్నలు గిరాకీ అడిగిన యాసలోనే ఉంచండి, జవాబులు అందరికీ తెలిసిన తేలిక తెలుగులో రాయండి. "ఆదివారం తీసి ఉంటదా?" అని ప్రశ్న ఉంటే చదివేవాళ్లకు అది తమ నోటి మాటలా ఉంటుంది. ఇంగ్లీషు మాటలకూ భయపడొద్దు. డెలివరీ, సైజు, వారంటీ, బుకింగ్ అని రాయండి. ‘సరఫరా సేవ’ అని ఎవరూ అనరు.

ఫాంట్ విషయంలో మాత్రం జాగ్రత్త. మన ప్రింటింగ్ ప్రెస్‌లలో పాంప్లెట్లు, ఫ్లెక్సీలు ఇప్పటికీ ఎక్కువగా అను వంటి పాత ఫాంట్లలో టైప్ చేస్తారు. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ మ్యాటర్‌ను అలాగే తెచ్చి వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు గానీ ఒత్తులు, పొల్లులు అక్కడక్కడ తప్పుతాయి. మార్చాక ప్రతి అక్షరం చూసుకోవాలి. ఒక పేజీకి అయితే ఫోన్‌లో మళ్లీ టైప్ చేసుకోవడమే మేలు. ఒకసారి ఈ తలనొప్పి ఎందుకని పాంప్లెట్‌నే ఫొటోగా పెట్టేశాను. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ దుకాణంలో దొరికే సరుకు పేరుతో వెతికినవాళ్లకు ఆ పేజీ కనిపించలేదు. ఫొటోలో ఉన్న రాత సెర్చ్‌కు పేజీలో రాసిన రాతతో సమానం కాదు. ఆరు నెలల తర్వాత గానీ నాకది తెలియలేదు. ఆ ఆరు నెలల నష్టం ఆ దుకాణదారుది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు పెట్టినంత లైన్ల ఎడం సరిపోదు. సైట్ చేసేవాళ్లకు లైన్ల మధ్య ఎడం పెంచమని, అక్షరం కొంచెం పెద్దది పెట్టమని ముందే చెప్పండి.

నాలుగో అడుగు: తెరవగానే కనిపించే భాగం

వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన పరిశీలనలో 79 శాతం మంది కొత్త పేజీని పదం పదం చదవలేదు, పైపైన చూపు పరిగెత్తించారు. అప్పుడు అందరి ముందూ కంప్యూటర్ తెర ఉండేది. ఇప్పుడు మన గిరాకీ చేతిలో ఉన్నది అంతకన్నా చిన్న తెర. అందుకే ఫోన్‌లో వేలు కదపకముందే నాలుగు సంగతులు కనపడాలి: మీరేం అమ్ముతారు, ఎక్కడ ఉన్నారు, ఎవరికి పనికొస్తుంది, ఎలా అందుకోవాలి.

"సంప్రదాయ హస్తకళా వైభవానికి చిరునామా, స్వాగతం" అని ఉన్నదాన్ని ఇలా మార్చవచ్చు:

"వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద నేసిన నూలు జంపఖానాలు. ఇంటికి ఒకటి కావాలన్నా, ఫంక్షన్‌కు వంద కావాలన్నా ఇస్తాం. హైదరాబాద్‌కు పార్సిల్ పంపుతాం. ఫోన్ లేదా వాట్సాప్: ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు."

రెండో దానిలో గొప్ప పదం ఒక్కటీ లేదు. అయినా చదివినవాళ్లకు ఫోన్ చేయాలో వద్దో తెలిసిపోతుంది. ఫోన్ నంబరును నొక్కితే కాల్ వెళ్లేలా, వాట్సాప్ గుర్తును నొక్కితే చాట్ తెరుచుకునేలా పెట్టించండి. ఆ బటన్ మీద ‘సంప్రదించండి’ అని కాకుండా ‘వాట్సాప్‌లో రేటు అడగండి’ అని రాయండి. నొక్కితే ఏమవుతుందో తెలిస్తేనే మనిషి నొక్కుతాడు.

ఐదో అడుగు: సరుకు గురించి రాయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. ‘మంచి క్వాలిటీ’ అనే మాటను మీ పేజీ మొత్తంలో నిషేధించుకోండి. దాని బదులు, అది మంచిదని మీకెలా తెలుసో రాయండి. దుకాణంలో మీరు గిరాకీ చేతికి జంపఖానా ఇచ్చి పట్టి చూడమంటారు. వెబ్‌సైట్‌లో చెయ్యి అందదు కాబట్టి ఆ పట్టి చూసే పనిని మీ మాటలు చేయాలి.

ఒక మాదిరి రాత చూపిస్తాను. ఇందులోని సంగతులు ఉదాహరణ కోసమే, మీ సరుకువి మీరు పెట్టుకోవాలి:

"నూలు జంపఖానా, 4 బై 6 అడుగులు. ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు, ఒకరు పడుకోవచ్చు. రెండు వైపులా వాడుకోవచ్చు. మడిస్తే సంచిలో పడుతుంది. మొదటి ఉతుకులో కొంచెం రంగు వదులుతుంది, కాబట్టి మొదటిసారి విడిగా, చల్లని నీళ్లలో ఉతకండి. నీడలో ఆరేయండి. చేతి నేత కాబట్టి ఒక్కో దానికి కొలతలో అంగుళం తేడా ఉండవచ్చు."

చివరి రెండు సంగతులు చూసి చాలామంది యజమానులు వద్దంటారు. రంగు వదులుతుందని మనమే చెప్పుకుంటామా అని అడుగుతారు. చెప్పాలి. చెప్పకపోతే మొదటి ఉతుకు రోజున గిరాకీ మోసపోయానని అనుకుంటాడు. ముందే చెబితే "వాళ్లు చెప్పారు కదా" అని విడిగా ఉతుకుతాడు. లోపాన్ని ముందే చెప్పిన పేజీలో మిగతా మాటలను కూడా నమ్ముతారు. ఇది నేను చాలా వ్యాపారాల దగ్గర చూశాను.

తిండి సరుకుకూ ఇదే పద్ధతి. మిర్చి పొడి అమ్మేవాళ్లు ‘స్వచ్ఛమైన కారం’ అని రాసి వదిలేస్తారు. అది చపాటా మిర్చి పొడి అయితే చెప్పాల్సింది ఎంతో ఉంది. టమాటా మిర్చి అని కూడా పిలిచే ఈ రకంలో రంగు ఎక్కువ, కారం తక్కువ. కూరకు ఎర్రటి రంగు రావాలి, పిల్లలు కూడా తినాలి అనుకునేవాళ్లకు అది సరిపోతుంది. ఘాటు కావాలంటే తేజ రకం తీసుకోవాలి. ఈ నాలుగు ముక్కలు రాస్తే ఏది కొనాలో గిరాకీకి తేలిపోతుంది, మీకు ఫోన్ కూడా తగ్గుతుంది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి చేత్తో తీసి, విరిచి చూసే అలవాటు ఉన్న ఊరు మనది. ఆ చూపును రాతలోకి తేవాలి.

సేవలు అమ్మేవాళ్లు, అంటే ఏసీ మెకానిక్, దంత వైద్యులు, ట్యూషన్ చెప్పేవాళ్లు, సరుకు బదులు పని జరిగే వరుస రాయాలి. ఫోన్ చేశాక ఎంతసేపట్లో వస్తారు, చూసినందుకు డబ్బు తీసుకుంటారా, పార్టు మార్చాల్సి వస్తే ముందే చెబుతారా, పని చేశాక మళ్లీ పాడైతే ఎన్ని రోజుల లోపు ఉచితంగా చూస్తారు. తెలియని మనిషిని ఇంట్లోకి రానివ్వాలంటే ఎవరికైనా కొంత టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్ తీర్చే వివరాలన్నీ రాయండి.

ఫొటోలు మీ దుకాణంలో, పగటి వెలుతురులో, మీ ఫోన్‌తో తీసినవే పెట్టండి. పక్కన ఒక మనిషో కుర్చీనో ఉంటే సైజు తెలుస్తుంది. ప్రతి ఫొటో కింద ఒక వాక్యం ఉండాలి. మిగతా రాత వదిలేసినవాళ్లు కూడా ఫొటో కింది వాక్యం చదువుతారు.

రేటు రాయాలా వద్దా

రాయాలి. "రేటు పెడితే పక్క దుకాణం వాళ్లు చూస్తారు" అనే మాట నేను ప్రతిచోటా వింటాను. పక్క దుకాణానికి మీ రేటు ఎప్పుడో తెలుసు. తెలియనిది దూరాన ఉన్న గిరాకీకే. రేటు లేని పేజీ చూసి, అడిగితే మొహమాటపడి కొనాల్సి వస్తుందేమోనని చాలామంది అసలు అడగరు.

రోజూ మారే రేటైతే "ఇంత నుంచి ఇంత వరకు, సైజును బట్టి" అని రాసి, ఏ తేదీ నాటి రేటో పక్కన పెట్టండి. హోల్‌సేల్‌కు ఎన్ని పీసుల నుంచి తగ్గిస్తారో చెప్పండి. జీఎస్టీ కలిపిన రేటా, కలపనిదా అన్నది స్పష్టంగా ఉండాలి. పార్సిల్ ఖర్చు ఎవరిదో కూడా అక్కడే రాయండి. బిల్లు చివర కొత్త ఖర్చు కనిపిస్తే గిరాకీ అక్కడే వదిలేస్తాడు.

మా గురించి

వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన సరుకని చట్టప్రకారం నమోదయ్యే జీఐ గుర్తింపు) వచ్చింది. ఇవి గర్వపడాల్సిన సంగతులే. కానీ ఇవి ఊరి కథ. పేజీ అంతా కాకతీయుల నుంచి మొదలుపెట్టి నింపేస్తే మీ దుకాణం కథకు చోటు ఉండదు. ఊరి కథకు రెండు వాక్యాలు చాలు. మిగతాది మీరు ఎప్పటి నుంచి ఈ పనిలో ఉన్నారు, నేసేది ఎవరు, ఎన్ని మగ్గాలు, ఇందులో మీరు సొంతంగా చేసేది ఏది, బయట కొని అమ్మేది ఏది అన్నదానికి పెట్టండి. నేతన్న పేరు, ఫొటో పెట్టాలనుకుంటే ఆయన్ను అడిగి, సరేనన్నాకే పెట్టండి.

భౌగోళిక గుర్తింపు ముద్ర విషయంలో ఒక హెచ్చరిక. 1999 చట్టం ప్రకారం ఆ ముద్రను వాడుకునే హక్కు అధీకృత వాడుకదారుగా నమోదైన వాళ్లకు ఉంటుంది. వరంగల్‌లో దుకాణం ఉన్నంత మాత్రాన మీ సైట్‌లో ఆ లోగో పెట్టేయకూడదు. నమోదు చేసుకుని పెట్టండి.

ఎలా రావాలి

మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన నగరం. రైల్లో వచ్చేవాళ్లకు కాజీపేట జంక్షన్‌లో దిగాలా, వరంగల్ స్టేషన్‌లో దిగాలా అన్నదే మొదటి ప్రశ్న. దానికి జవాబు రాయండి. పైగా 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి. పాత బోర్డు మీద, బిల్లు పుస్తకంలో, గూగుల్‌లో మూడు రకాల అడ్రసులు ఉన్న దుకాణాలు చాలా ఉన్నాయి. ముందు వాటిని ఒకేలా దిద్దండి. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు మీ సైట్‌లోనూ, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోనూ (గూగుల్‌లో, మ్యాప్‌లో మీ దుకాణం వివరాలు కనిపించే చోటు) అక్షరం తేడా లేకుండా ఉండాలి. హనుమకొండ అని కొందరు, హన్మకొండ అని కొందరు వెతుకుతారు. అడ్రసులో ఒకటే వాడి, దారి చెప్పే వాక్యంలో రెండోది కూడా ఒకసారి వచ్చేలా రాస్తే సరిపోతుంది.

మ్యాప్ ఒక్కటే సరిపోదు. చౌరస్తా నుంచి ఎటు తిరగాలి, ఏ గుడి లేదా ఏ బస్టాప్ ఎదురుగా, కారు ఎక్కడ పెట్టుకోవచ్చు, మెట్లెక్కాలా అన్నవి రాయండి. పెద్దవాళ్లు వచ్చే క్లినిక్ అయితే లిఫ్ట్ ఉందో లేదో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

సెర్చ్‌లో కనపడటానికి

నోటుబుక్కు పద్ధతిలో రాసి ఉంటే ఈ పని సగం అయిపోయినట్టే. మిగిలింది ప్రతి పేజీకి ఒక టైటిల్, దాని కింద కనిపించే చిన్న వివరణ. టైటిల్ దాదాపు 60 అక్షరాల లోపు ఉంటే సెర్చ్‌లో ఎక్కువసార్లు తెగకుండా కనిపిస్తుంది. ‘హోమ్’ అని కాకుండా ‘నూలు జంపఖానాలు, కొత్తవాడ, వరంగల్’ అని ఉండాలి. ఒకే మాటను పేజీలో ఇరవైసార్లు ఇరికించమని ఎవరైనా చెబితే వినకండి. చదివేవాళ్లకు చికాకు, గూగుల్ కూడా దాన్ని తప్పుగానే చూస్తుంది. గూగుల్ ఇప్పుడు సైట్ మొబైల్ రూపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఫోన్‌లో కనిపించని రాత ఉన్నా లేనట్టే.

తప్పనిసరి వివరాలు

సైట్ మీదే అమ్మకాలు చేస్తే 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. వ్యాపారం అసలు పేరు, అడ్రసు, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, ఫోన్, వాపసు నియమాలు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. తిండి సరుకైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు, ప్యాకెట్ అయితే ఎంఆర్‌పీ, నికర బరువు కూడా పెట్టాలి. గిరాకీలా నటిస్తూ మీ సరుకు గురించి మీరే రివ్యూ రాసుకోవడం ఈ నియమాల ప్రకారం తప్పు. నిజమైన గిరాకీ వాట్సాప్‌లో పంపిన రెండు ముక్కలు, వాళ్లను అడిగి పెట్టుకోండి. "రెండేండ్లయింది, రంగు అట్లనే ఉన్నది" అన్న ఒక్క మాట పది నక్షత్రాల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

వాపసు నియమాలను వకీలు భాషలో రాయకండి. "పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. చిరిగి ఉంటే రెండు రోజుల్లో వాట్సాప్‌లో పంపండి. కొత్తది పంపుతాం, ఖర్చు మాదే." మీరు నిజంగా చేయగలిగేదే రాయండి.

రాశాక పరీక్ష

మొదట గట్టిగా చదవండి. నోరు తిరగని చోట వాక్యం విరగ్గొట్టండి. తర్వాత మీ వ్యాపారంతో సంబంధం లేని ఇద్దరికి, వీలైతే ఒకరు అరవై దాటినవాళ్లకు, మామూలు ఫోన్‌లో సైట్ తెరిచి ఇవ్వండి. "దీని రేటెంత? ఆదివారం తీసి ఉంటరా? కాజీపేటలో దిగితే ఎట్ల రావాలె?" అని అడగండి. మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగి వెనక్కి వెళుతుందో అక్కడ రాత మార్చాలి. వాళ్లకు అర్థం కాలేదని అనుకోకండి, మనం సరిగా రాయలేదనే లెక్క.

సైట్ మొదలయ్యాక కూడా ఆ నోటుబుక్కు గల్లా పక్కనే ఉండనివ్వండి. నెలకోసారి తెరిచి, సైట్‌లో జవాబు ఉన్నా జనం ఇంకా ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్న ఏదో చూడండి. ఆ జవాబు కనిపించని చోట ఉందన్నమాట, పైకి తీసుకురండి. బతుకమ్మ, దసరా, పెండ్లిళ్ల సీజన్‌కు పది రోజుల ముందే టైమింగ్స్, ఆర్డర్ చివరి తేదీ మార్చండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చినప్పుడు మన రోడ్లన్నీ నిండిపోతాయి. ఆ వారం దుకాణం ఎప్పుడు తెరుస్తారో, పార్సిళ్లు ఎన్ని రోజులు ఆలస్యమవుతాయో మొదటి పేజీలో పైనే రాయండి. జాతర అయిన మర్నాడు ఆ లైన్ తీసేయండి.